వడగళ్ళ ఏటి సీసా

మొన్నటి నుంచీ నిలబెట్టే ఉంచాడు దాన్ని,
వంటగది కిటికీ పక్కన, పిండి డబ్బా చాటున.
మడ్డి అడుగుకు దిగాలంటే
రెండు రాత్రులైనా పట్టాలంటాడు ఎవాసియో.
ముప్పై ఎనిమిదేళ్ళు పక్కకు తిరిగి పడుకున్నది
లేచి నిలబడగానే తల తిరగదా మరి.

చీటీ మీద పెన్సిల్ రాత దెల్ఫీనాది:
"వడగళ్ళు. మిగిలింది ఇంతే."
ఏ సంవత్సరమో వేయలేదు.
ఎవరు మర్చిపోతారులే అనుకుంది కాబోలు.
ఆమె పోయి పదకొండేళ్ళు.

నేను ద్రాక్ష కోతకు వచ్చినదాన్ని,
స్ట్రూమిట్సా నుంచి బస్సులో, ఒక్క సెప్టెంబరుకని.
పంతొమ్మిది చలికాలాలుగా
ఈ లాంగే కొండవాలు తీగల్ని కత్తిరిస్తున్నాను.
నా కత్తెరకు తీగ మాట తెలుసు.
వైన్ మాటలు నాకు రావు.

ఎవాసియోకి ముక్కు పోయింది.
రెండేళ్ళ కిందటి జ్వరం
మనిషిని వదిలి వాసనని పట్టుకుపోయింది.
పాలు మాడి గిన్నె నల్లబడినా
పొగ కళ్ళకు తగిలాకే లేస్తాడు.
ఓక్ చెట్ల కింద తవ్వి
కుక్క ట్రఫుల్ తెచ్చి చేతిలో పెడితే
మట్టిబెడ్డని చూసినట్టు చూస్తాడు.
"నన్ను చూస్తే దానికి జాలి" అంటాడు.

అందుకే ఈ సాయంత్రం పిలిచాడు.
"ఇవాళ్టికి నా ముక్కువి నువ్వే, స్తోయ్నా."

కార్క్ సగంలో విరిగింది.
ఆయన తిట్టిన తిట్టు వాళ్ళ కొండభాషలోది,
ఎవరి తల్లినీ అనకుండా అందరినీ అంటుంది.
మిగతా సగాన్ని చాకుమొనతో పెకలించి,
సీసా మెడ వెనక కొవ్వొత్తి పెట్టి
వంచాడు, చంటిబిడ్డకు ఉగ్గు పోసినంత నిదానంగా.
మడ్డి మబ్బులా మెడదాకా రాగానే
చెయ్యి ఆగింది.

రంగు చెప్పనక్కరలేదు, కళ్ళున్నాయి.
పాత పెంకు రంగు. అంచున
అరిగిన రాగి.

"ఊఁ, చెప్పు."
"గులాబీ," అన్నాను.
"అది పెట్టెల మీద అచ్చేసే మాట. నీ మాట చెప్పు."

గ్లాసులోకి ముక్కు దించాను.
చాలాసేపు ఏమీ లేదు. మూసిన గది.
తర్వాత ఎవరో తలుపు ఓరగా తీసినట్టు
మా మేనత్త పొగాకు ఆకుల్ని సూదికి గుచ్చే వసారా,
ఆమె వేళ్ళకు అంటిన నల్లటి జిగురు.
తర్వాత వానలో తడిసి
పొయ్యి దగ్గర ఆరుతున్న ఉన్నికోటు.
రోడ్డు మీద వేడి తారు, దూరంగా, ఇంకో ఊళ్ళో.
తాళంచెవితో పాటు సొరుగులో ఉండిపోయి
ఎండిన పువ్వు.
అది గులాబీయే, నన్నేం చెయ్యమంటారు.

కళ్ళు మూసుకుని వింటున్నాడు.
"చెర్రీ ఉందా? ఉందనేది దెల్ఫీనా, మొదట్లో."
"పండు లేదు. గింజ ఉంది."

ఇంకొకటీ ఉంది, అడుగున.
వెనిగర్ వైపు తిరుగుతున్న ముఖం.
చెప్పాలా వద్దా అని
గ్లాసుని ఇంకోసారి తిప్పాను.
చెప్పలేదు.

అప్పుడు తను తాగాడు.
చిగుళ్ళకు పట్టించి, దవడల్లో తిప్పి,
మింగకుండా కూర్చున్నాడు.
వాసన పోయినవాడికి వైన్‌లో ఏం మిగులుతుంది?

"వగరు," అన్నాడు.
"ఆ ఏడు తొక్క ఎక్కువ, రసం తక్కువ.
మొదటి గుక్కకే నాలుకను పిడికిట పట్టింది.
పదేళ్ళకు తీసినా అంతే.
అచ్చం నీలాగే, ఒక పట్టాన వదలదు, అనేది.
ఇప్పుడు చూడు..."
పళ్ళ వెనక నాలుకతో తడుముకున్నాడు,
చీకట్లో స్విచ్ వెతికినట్టు.
"పట్టుకుని లేదు. చెయ్యి వేసి ఉంది, అంతే."

కొవ్వొత్తి ఆర్పాడు. ఆ పొగ నాకొక్కదానికే.

"చివర్న పుల్లబడింది కదూ?"
నేను కత్తెర కాయలు కాసిన అరచేతిని చూసుకున్నాను.
"పులుపు నాలుకది, స్తోయ్నా. ముక్కుది కాదు."
కోపం లేదు గొంతులో.
"పోయ్ మరి. రేపటికి ఇదీ ఉండదు."

బయట పొగమంచు కొండెక్కి
మొదటి వరస తీగల దాకా వచ్చింది.
సీసా అడుగున రెండు వేళ్ళ మడ్డి.
పారబోయబోతే చెయ్యి అడ్డుపెట్టాడు:
"ఉంచు. రేపు కుందేలు కూరలోకి."

మాడకుండా చూడ్డానికి
నేను రావాలి కాబోలు.